అప్పలస్వామి గారి ఒంటిపొద్దు

అప్పలస్వామి గారు ఇక లేరన్న వార్త నాకు బడిలో, పిల్లల చేత పద్యం అప్పజెప్పించుకుంటుండగా చేరింది. ఆయనతో పనిచేసే మనిషి ఒకాయన తరగతి గుమ్మం దగ్గర నిలబడి, "మేస్టారూ, మన క్రేన్ అప్పలస్వామి పోనాడండి. టూల్‌రూములో కూకున్నోడు కూకున్నట్టే ఒరిగిపోనాడు. గుండె" అన్నాడు. నేను నమ్మలేదు. ఆ ఉదయమే ఆయన మా ఇంటి ముందు స్కూటర్ ఆపి, "ఎండ మండిపోతంది, గొడుగట్టుకెల్లండి మేస్టారూ" అని చెప్పి మరీ వెళ్ళారు. నాకు గొడుగు గుర్తుచేసిన మనిషి సాయంత్రానికి లేకపోవడమేమిటని మనసు మొండికేసింది. మృత్యువుకు మన మొండితనంతో పనేముంది? యాభై ఏళ్ళైనా నిండకుండానే ఆ సౌజన్యమూర్తిని తీసుకుపోయింది.

మన తెలుగు సంఘం పెద్దలు సంఘం పత్రికకు నాలుగు మాటలు రాయమన్నారు. ఈ పరాయి రాష్ట్రపు కార్ఖానా ఊళ్ళో తెలుగువాడు ఎవరు కాలం చేసినా ఆ పని నాకే అప్పగిస్తారు. దివంగతుల గుణగణాలను కీర్తించడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఈసారి మాత్రం కలం పట్టుకుంటే సిగ్గేస్తోంది. సువర్ణరేఖ నది ఒడ్డుకు పోయే దారిలో పాడె మోస్తున్నవాళ్ళు బరువుకు భుజాలు మార్చుకుంటుంటే, "పోయి కూడా మన సేత డూటీ సేయిత్తన్నాడు మావోడు" అన్నాడొకడు. వెనక నలుగురు నవ్వారు. వాళ్ళను తప్పుబట్టే అర్హత నాకు లేదు. బతికుండగా ఆయన పొట్ట మీద మేం వేసిన వేళాకోళాలకు అంతు లేదు. అందరికంటే ముందు ఆయనే నవ్వేవారు గనక, ఆ నవ్వు వెనక ఏముందో చూడవలసిన అవసరం మాకు కనబడలేదు.

శ్రీకాకుళం జిల్లాలోని పల్లెటూరు నుంచి చిన్నాన్న వెంట వచ్చి, బరువులు మోసే ఖలాసీగా చేరి, క్రేన్ డ్రైవరు దాకా ఎదిగిన మనిషి ఆయన. తెలియనివారి కోసం చెబుతున్నాను. కార్ఖానాలో కప్పు కింద, ఎత్తున వేసిన పట్టాల మీద క్రేన్ నడుస్తుంది. దాన్ని నడిపేవాడు గోడ వెంట నిట్టనిలువుగా ఉన్న ఇనుప నిచ్చెన ఎక్కి, పైన చిన్న కేబిన్‌లో కూర్చోవాలి. కింద నుంచి ఒకడు చేత్తో సైగ చేస్తుంటాడు. అప్పలస్వామి గారు బరువు దించితే, నిద్రపోయిన బిడ్డను పక్క మీద పడుకోబెట్టినట్టు ఉండేదని ఆయన కింద పనిచేసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. తెలుగు, హిందీ, ఒడియా మాట్లాడే ఖలాసీలెవరూ ఆయన క్రేన్ కింద నిలబడడానికి భయపడేవారు కాదు. ఆ పనిలో ఇంతకు మించిన కీర్తి లేదు.

ఒకసారి నేను, "అంత ఎత్తున ఒంటరిగా కూర్చుంటే విసుగు పుట్టదా?" అని అడిగాను. "నేదు మేస్టారూ. పైనుంచి సూత్తే అందరం ఒకటే సైజు. ఆఫీసరుదైనా ఖలాసీదైనా నెత్తే అగుపడతాది" అన్నారు. ఆ మాట నేను సంఘం సభల్లో రెండు మూడుసార్లు నా సొంత మాటలా వాడుకున్నాను కూడా. ఆయనకు ఆ కేబిన్ అంటే ఉద్యోగం మాత్రమే కాదు. నేల మీద ఉన్నంతసేపూ ఎవరో ఒకరు ఆయన ఆకారాన్ని కొలుస్తూనే ఉండేవారు. పైన ఆ బెడద లేదు.

ఒళ్ళు ఎప్పుడు వచ్చిందంటే ఆయనే చెప్పలేకపోయేవారు. సైకిల్ పోయి స్కూటర్ వచ్చింది. షిఫ్టంతా కూర్చునే పని. రాత్రి డ్యూటీ దిగి వస్తే కడుపులో ఎలకలు పరుగెత్తేవి. దారిలో ఇక్కడివాళ్ళు సింగాడాలనే వేడి సమోసాలు, ఇంటికొస్తే చద్దన్నం, ఆ పైన పగటినిద్ర. పైగా మగవాడి పొట్టకు మనలో చెడ్డపేరు లేదు కదా. కాస్త లావైతే ఇల్లాలి చేతి చలవంటాం. సన్నబడితే షుగరా, క్షయా, ఇంట్లో పడటం లేదా అని ఆరా తీస్తాం. ఆయన భార్య నూకరత్నం గారి వంటకు వచ్చిన మెచ్చుకోళ్ళన్నీ ఆయన నడుం చుట్టూ చేరాయని నేనే ఒకసారి చమత్కరించాను. అందరూ పగలబడి నవ్వారు.

కొన్నేళ్ళ క్రితం కార్ఖానా మెడికల్ పరీక్షలో డాక్టరు ఆయన్ను నిచ్చెన ఎక్కించి చూసి, దిగాక ఆయాసం తీరేదాకా కూర్చోబెట్టి, ఇక పైకి వెళ్ళడం ప్రమాదమన్నారు. ఒళ్ళు తగ్గించుకుని వస్తే మళ్ళీ చూస్తామన్నారు. అంతవరకు టూల్‌రూము కిటికీ దగ్గర కూర్చుని, అడిగినవాళ్ళకు పానాలు, సుత్తులు అందించే పని. జీతం పోలేదు. ఆయన ముఖంలో కళ పోయింది.

తగ్గించుకోవాలంటే తక్కువ తినాలి. చెప్పడానికి ఎంత సులువు! ఆడవాళ్ళు శుక్రవారమని, ఏకాదశని పస్తుంటే పుణ్యం. మగవాడు కంచంలో అన్నం తగ్గించమంటే వినోదం. క్యాంటీన్‌లో రెండు రొట్టెలు తీసి పక్కన పెడితే, "క్యా రే మోటూ, హీరో బనేగా?" అని, లావోడా హీరోవి అవుతావా అని బల్లంతా నవ్వేది. కొన్నాళ్ళు పన్ను నొప్పి అని చెప్పారు. అది ఎంతకాలం ఆగుతుంది? ఒకనాడు ఆయన నుదుట నిలువుబొట్టుతో సంఘానికి వచ్చి, సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నానని, తిరిగి క్రేన్ ఎక్కేదాకా ఒంటిపొద్దేనని ప్రకటించారు. అంటే రోజుకు ఒక్కపూటే భోజనం. స్కూటర్ కూడా ఎక్కనని ఆ మొక్కులోనే కలిపేశారు.

అంతే, లోకం మారిపోయింది. నిన్న పరిహాసం చేసిన నోళ్ళే ఇవాళ "సామీ" అన్నాయి. క్యాంటీన్‌లో బలవంతం చేయబోయినవాణ్ణి పక్కవాడు, "అరే, భగవాన్ కా బాత్ హై" అని ఆపేవాడు. నూకరత్నం గారిని ఎవరూ వేలెత్తి చూపలేదు. మా పేట గోల్‌మురి సందుల్లో ఆయన తువ్వాలు భుజాన వేసుకుని కాలినడకన పనికి పోతుంటే మేం పిల్లలకు చూపించి, భక్తి అంటే అదీ అని చెప్పేవాళ్ళం. నెలలు గడిచాయి. చొక్కాలు వదులయ్యాయి. బుగ్గల వెనక దాగిన ముఖం బయటపడింది.

మెడికల్‌లో ఫిట్ అన్నారు. క్రేన్ ఎక్కిన మొదటిరోజు సాయంత్రం ఆయన నేరుగా మా ఇంటికి వచ్చారు. "ఆయాసం రానేదు మేస్టారూ. పైకెల్లి కూకున్నాక ఏడుపొచ్చీసింది. కింద సైగ సేసేవోడు, ఏటి దాదా, లోడెత్తవేటని సూత్తన్నాడు. కల్లు తుడుసుకొని ఎత్తేను" అన్నారు. ఆ రోజు ఆయన కళ్ళలో చూసిన వెలుగు నేను ఇంకెవరి ముఖంలోనూ చూడలేదు. ఇక్కడితో ఈ వ్యాసం ఆగిపోతే ఎంత బాగుండును.

మొక్కు తీరితే సంతర్పణ జరగాలి కదా. అది మన ఆచారం. సంఘం పెద్దలు ముందుకొచ్చారు, మొక్కు ఆయనదైనా ఆనందం అందరిదీ అన్నారు. పులిహోర, బూరెలు, పనసకాయ కూర, గుమ్మడికాయ దప్పళం, పరమాన్నం. మొక్కు తీరినవాడిని మొదటి విస్తరి ముందు కూర్చోబెట్టాం. ఆయన రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెట్టి, "సాల్లెండి బాబూ, సాలు" అంటుంటే, మా పెద్దలొకరు, "దేవుడి సంతర్పణ, కాదనకూడదు" అని ఆ చేతుల మీదే బూరెలు పెట్టారు. పక్కన కూర్చున్న నేను ఇంకో రెండు వేయించాను. నెయ్యి కూడా. తర్వాత లేచి నిలబడి సంకల్పబలం గురించి అనర్గళంగా ఉపన్యసించాను. మనిషి తలచుకుంటే సాధించలేనిది లేదన్నాను. చప్పట్లు మారుమోగాయి.

అది ఒక్కరోజుతో పోలేదు. మొక్కు తీరినవాడు భోంచేసిన ఇంట శుభం జరుగుతుందని ఎవరో అన్నారు. ఊళ్ళోనే సోనారి నుంచి ఒకరు, గోవింద్‌పూర్ నుంచి ఒకరు, మన వరుస క్వార్టర్ల వాళ్ళంతా వంతులవారీగా ఆయన్ను భోజనానికి పిలిచారు. బరువు తగ్గించుకున్న మనిషిని విందులతో సన్మానించిన జాతి మనది. ఆయన వద్దనబోతే ఒకటే మాట. "మొక్కు తీరిపోనాది గదా, ఇంకేటి?" నిజమే, ఇంకేమని చెప్తారు? అటు ఊరి నుంచి వచ్చిన చుట్టాలు ఆయన్ను చూసి, "మొగుణ్ణి ఎండగట్టీసింది" అని నూకరత్నం గారి ముఖం మీదే అన్నారు. ఆమె ఆ రాత్రి నుంచి కంచంలో ఒక గరిటె ఎక్కువే వడ్డించింది. ఆమె మాత్రం ఏం చేస్తుంది?

ఏడాది తిరగకుండా పోయిన బరువు వడ్డీతో సహా వచ్చి కూర్చుంది. మెడికల్‌లో మళ్ళీ ఆయన్ను దించేశారు. ఈసారి టూల్‌రూము పని శాశ్వతమన్నారు.

అప్పుడు నేను ఆయన్ను పరామర్శించడానికి వెళ్ళాను. ఓదార్చడానికే వెళ్ళానని నమ్మి వెళ్ళాను. నేను పుట్టు బక్కవాణ్ణి. ఎంత తిన్నా ఒంటికి పట్టని శరీరం. దాన్ని నా నిగ్రహమని ఇన్నేళ్ళూ భ్రమపడ్డాను. ఆ భ్రమతోనే, "అంత సాధించినవారు, నోరు కట్టుకోలేకపోయారా?" అన్నాను.  ఆయన గొంతు తగ్గించి చెప్పారు.

"ముందు కన్నా ఇప్పుడు ఆకలెక్కువ మేస్టారూ. తగ్గిన ఒల్లు ఊరుకోదు, తే తే అంటాది. ఒంటిపొద్దున్నప్పుడు నలుగురూ కాసీవారు. ఇప్పుడు నాను ఒక్కణ్ణే." గుమ్మం వైపు ఓసారి చూసి, "అసలు మొక్కే నేదు మేస్టారూ. అప్పన్నకి నానేటీ మొక్కుకోనేదు. తక్కువ తింతానంటే నవ్వుతారని, సిగ్గుకి దేవుడి పేరు సెప్పేను. అందుకే ఆయన మల్లీ దించీసేడు" అన్నారు.

ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. నిజంగానే దేవుడు తనను శిక్షించాడని నమ్ముతున్నారు. పురాణాలు చదివినవాణ్ణి, పిల్లలకు నీతులు చెప్పేవాణ్ణి, ఆ ఒక్క భయం తీర్చడానికి నాకు ఒక్క వాక్యం చాలు. నేనన్నదేమిటంటే, "దేవుడితో అలా పరాచికాలాడకూడదు అప్పలస్వామి గారూ." ఆ మాట అని లేచి వచ్చేశాను. కొన్నాళ్ళు ఆయన మా వీధి తప్పించి తిరిగారు. తర్వాత తనే మనసు సమాధానపరచుకుని, మునుపటిలా పలకరించారు. నా వల్ల పడ్డ నొప్పిని నాకు కనబడనివ్వని సంస్కారం ఆయనది. ఎవరింట పెళ్ళి జరిగినా పందిరి రాటలు ఆయనే మోశారు, ఎవరికి జ్వరం వచ్చినా ఆస్పత్రికి ఆయన స్కూటరే వెళ్ళింది. వడ్డించినదంతా తిన్నారు. నవ్వించినప్పుడల్లా నవ్వారు.

మొన్న పెద్దకర్మకు ముందు సంఘం పెద్దలమంతా వాళ్ళింటికి వెళ్ళాం. పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టాలి కదా. మాలో పెద్దాయన ఒకరు నూకరత్నం గారిని, "అమ్మా, మావోడు బోజనప్రియుడు. ఏటేటి ఇష్టమో సెప్పు, దేనికీ లోటు రానియ్యం" అని అడిగారు. బూరెలా, గారెలా, పనసకాయా అని ఎవరికి తోచింది వాళ్ళు అందిస్తున్నారు.

ఆమె తల ఎత్తలేదు. "ఆయనకి క్రేనెక్కడం ఇష్టం బాబూ" అంది. "అది వండి పెట్టగలరేటి?"

  ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, మాకు మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. మేం ఆ నీళ్ళు తాగి వచ్చేశాం.

అప్పలస్వామి గారూ, మీవంటి పనివాడు ఆ కార్ఖానాకు, మీవంటి పొరుగువాడు మా వరుసకు మళ్ళీ దొరకరు. మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ మొక్కు అబద్ధం కాదు. నెలల తరబడి ఆకలిని ఓర్చుకుని నిలబెట్టిన మాట అబద్ధమెలా అవుతుంది? ఏ దేవుడూ మిమ్మల్ని ఆ నిచ్చెన మీద నుంచి దించలేదు. మేం దించాం. ఈ మాట ఆ రోజు మీ ఎదుట కూర్చుని చెప్పి ఉండవలసింది. నాకు నోరు రాలేదు.