గోలీకో కథ

చదువులో నాకెప్పుడూ మంచి మార్కులు రాలేదు. ఏడో తరగతిలో లెక్కల సారు నా పేపరు మీద పెట్టిన సున్నా చూసుకుని, బడికో దండం పెట్టి సైకిల్ షాపులో పంక్చర్లకు కుదిరాను. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు ఒకే ఒక్క పరీక్షలో నా పేరు నిలబడింది. క్షయకు చేసే కఫం పరీక్ష. మూడు ప్లస్సులు! ఊళ్లో ఇన్ని ఎవరికీ రాలేదని ఇంట్లో గొప్పగా చెబితే, నా భార్య నవ్వలేదు.

క్షయ మందులు మా అంగన్‌వాడీ టీచరమ్మ ఒక్కటీ ఇంటికి ఇచ్చేది కాదు. దినం విడిచి దినం వెళ్లి ఆమె కళ్లెదుటే ఏడు గోలీలు మింగాలి. ఆరు నెలలు. మింగితే కడుపులో తిప్పేది, మూత్రం ఎర్రగా వచ్చేది. ఎట్లా ఎగ్గొట్టాలా అని చూస్తుండేవాణ్ణి. నాతోపాటే అడవి అంచు గూడెం నుంచి ఒక కోయ తాత నడిచొచ్చేవాడు. పిల్లలకు దూరంగా, బయట అరుగు మీద ఇద్దరం కూర్చునేవాళ్లం. ఈ గోలీలు నావల్ల కాదని వెళ్లినప్పుడల్లా అతని దగ్గర గొణిగేవాణ్ణి.

నెల తిరిగేసరికి తాతకు దగ్గు తగ్గింది. అడవిలో బీడీలకు తునికాకు కోతలూ మొదలయ్యాయి.

"ఇగ నేను రాను పిలగా. ఆకుకు పోవాలె."

"మధ్యల ఆపితే రోగం తిరగబడతది తాతా. అప్పుడు ఈ గోలీలు గూడ పనిచెయ్యవు," అని టీచరమ్మ మొత్తుకుంది. తాత వినలేదు. నాకొచ్చిన విద్య ఒక్కటే, కబుర్లు. టికెట్ లేకుండా పాల్వంచ బస్సెక్కి, చెకింగ్ వాళ్లు రాగానే పెండ్లికొడుకునని బుకాయించిన సంగతి ఎత్తుకున్నాను.

"పెండ్లిపిల్ల ఏదని అడగలే?"

"అడిగిన్రు. పక్క సీటామెను చూపించిన."

"ఆమె ఏమన్నది?"

"ఎల్లుండి చెప్త. గోలీలు మింగినంక."

ఆ ఎల్లుండికి తాత నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

నిజాలు రెండు వారాలకే అయిపోయాయి. తర్వాత అబద్ధాలు. అవీ అడుగంటిన రోజున, ఏం చెప్పాలో తోచక, దగ్గులో మొదటిసారి రక్తం పడ్డ దినం గురించి చెప్పాను. షాపు వెనక, ట్యూబులు ముంచే తొట్టి నీళ్లతో రుమాలు ఉతికి, ఎవరూ చూడకుండా అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ కథను ఎల్లుండికి ఆపలేదు. అది విని తాత, తనూ కొడుకుకు చెప్పకుండా ఒక చలికాలమంతా దగ్గు దాచుకున్నానన్నాడు. ఇన్నేళ్లు ఊరిని నవ్వించిన నా బతుకులో ఒక మనిషికి పనికొచ్చిన ముక్క అదేనేమో అనిపించింది.

ఆరు నెలలకు ఇద్దరికీ రోగం పోయిందన్నారు. నేను కాలర్ ఎగరేశాను.

"చూసినవా తాతా? నా కతలే లేకుంటే నువ్వు ఏడుండేటోనివి?"

"నీ అబద్ధాలకు ఎవడొచ్చిండు?" అన్నాడు తాత. "పక్కన నేను లేకుంటే నువ్వే మానేస్తవని వచ్చిన."