అత్తగారి మెడలో దొంగ రాజు

ముందే చెబుతున్నాను, ఇది నేను చేసిన ఒక ఘోరం కథ. నవ్వుకోండి, ఫర్వాలేదు. కానీ మధ్యలో నా ముఖం వైపు మాత్రం చూడకండి.

అప్పట్లో నేను బస్తర్ కొండల్లో ఇనుపరాయి గనిలో మెకానిక్‌ని. పగలంతా ఎర్రదుమ్ములో మునిగి, సాయంత్రం స్నానం కాగానే పాతనాణేల పండితుణ్ణయ్యేవాణ్ణి. నాణేలు పిడికెడు, ఉపన్యాసాలు బస్తాడు. ఇంగ్లండు రాజుల్లో ఒకాయనంటే నాకు పిచ్చి. గద్దెనెక్కి ఏడాది తిరక్కుండానే దిగిపోయాడు. మన రూపాయి మీద ఆయన బొమ్మ పడనే లేదని ఎక్కడో చదివాను. తర్వాతెప్పుడో ఎవరో సరదాకి ఆయన బొమ్మతో ఉత్తుత్తి రూపాయలు చేశారన్న సంగతి మాత్రం చదవలేదు. సగం చదువు సున్నం లేని తాంబూలం లాంటిది. నోరంతా నములుడే, పండేది లేదు.

ఒకసారి కోంట దగ్గర అత్తవారి పల్లెకి వెళ్లి తిరిగొస్తుంటే, మా అత్తగారు తన వెండి రూపాయల హారం నా చేతిలో పెట్టింది. అన్నీ విక్టోరియా రాణి రూపాయలు. వాళ్లమ్మ మెడ నుంచి ఆమె మెడకి వచ్చినవి.

"కొక్కెం తెగింది అల్లుడా. జగదల్‌పూర్ కంసాలితో అతికించు. దసరాకు మీ కాలనీకొచ్చి ఏసుకుంట."

"మీరు నిశ్చింతగా ఉండండి అత్తయ్యా."

ఆమె నిశ్చింతగానే ఉంది, పాపం.

బస్సు దోర్నపాల్‌లో టీకి ఆగింది. సంతలో ఒకడు గుడ్డ పరిచి నాణేలు అమ్ముతున్నాడు. అందులో తళతళలాడుతూ నా రాజు! ఒకటి కాదు, కుప్ప!

"ఇవి అచ్చే పడలేదు కదయ్యా?"

"పడినయ్ సాబ్. రాజు దిగిండని ఖజానాల దాచిన్రు. మీ అసోంటి తెలిసినోళ్లకే ఇస్త."

'తెలిసినోళ్లు' అన్న మాటకి నేను ఐస్‌ఫ్రూట్‌లా కరిగిపోయాను.

"రాజుగారి మెడ కింద ఈ అక్షరాలేమిటి?"

"చెక్కినోని పేరు సాబ్."

నిజమే, చెక్కినవాడి గుర్తు మెడ కింద ఉండడం కద్దు! సి, ఓ, పి, వై. కోపీ. ఇటలీవాడై ఉంటాడనుకున్నాను.

వాడి చూపు నా చేతిలోని హారం మీద పడింది. "ముసలి రాణి ప్రతి అవ్వ మెడల ఉంటది సాబ్. రూపాయికి రూపాయి మార్చుకుందామా?"

ఒట్టు, అత్తగారికి మేలు చేస్తున్నాననే అనుకుని అన్నీ మార్చేసుకున్నాను. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. దానం చేసినా పుణ్యమన్నా దక్కేది! జగదల్‌పూర్ కంసాలి ఆ నాణేలు చూసి ఏదో చెప్పబోయాడు. "నువ్వు కొక్కేలు అతికించు, చరిత్ర నాకొదిలెయ్" అన్నాను.

దసరానాడు కాలనీ పందిట్లో మైకు పట్టుకుని, అందరి ముందూ హారం అత్తగారి మెడలో వేశాను. ఆమె వేళ్లు ఒక్కో నాణేన్నీ తడిమాయి.

"మా అమ్మ రూపాయలేవి అల్లుడా?"

"వాటిని తలదన్నేవి తెచ్చానత్తయ్యా! కోపీ అనే మహాశిల్పి చెక్కినవి!"

పక్కనున్న స్కూలు టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది. "కోపీ కాదండీ," అంది నెమ్మదిగా, "కాపీ. నకలు అని వాళ్లే రాశారు."

మైకు ఆ మాటని కొండ దాకా మోసింది. పందిరి పందిరంతా నవ్వింది. నవ్వనిది ఇద్దరే: నా భార్య, వాళ్లమ్మ.

మర్నాడే దోర్నపాల్ పరుగెత్తాను. వాడు లేడు, వాడి జాడా లేదు. వాడు గుడ్డ పరిచిన చోట ఎవరో ఎండుచేపలు అమ్ముతున్నారు. ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి అత్తగారు సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చుంది. తిడుతుందేమోనని ఆశపడ్డాను. తిట్టలేదు. హారం ఒళ్లో పెట్టుకుని, "ఇంతకీ ఎవరీ రాజు?" అనడిగింది.

"ఎవరో ఒకావిడ కోసం రాజ్యమే వదులుకున్నాడత్తయ్యా."

ఆమె నాణెం మీది ముఖాన్ని కాసేపు చూసింది.

"ఈయన ఆడమనిషి కోసం రాజ్యం ఇడిసిండు. నువ్వేమో ఈయన కోసం ఆడమనిషి సొమ్ము ఇడిసినవ్."

కనక సమస్త అత్తగార్ల సమక్షంలో, చేతులు జోడించి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరైనా నమ్మి ఏదైనా నా చేతికిస్తే, కొక్కెం అతికించమంటే కొక్కెమే అతికిస్తాను. దాన్ని గొప్పది చెయ్యను గాక చెయ్యను.