అందరి వెనకా వచ్చే సైకిలు

మా అక్క మనవరాలు ఉన్నట్టుండి కారు మానేసి సైకిలు మీద ఆఫీసుకు పోతానని పట్టుబట్టింది. వర్తూరు నుంచి వాళ్ళ ఆఫీసు అంత దూరమేమీ కాదు గానీ, ఆ ట్రాఫిక్‌లో కారు కదిలేలోపు నడిచిపోయేవాళ్ళే ముందు చేరుతున్నారట. ఇంట్లో అందరూ సరేనన్నారు. మా అక్క మాత్రం సరేననలేదు, కాదనా లేదు. బండికి వెనక లైటు తమ్ముడే, అంటే నేనే, చూసి కొనాలనీ, నేను బాగుందంటేనే అది గేటు దాటాలనీ అంది. ఈ వయసులో నా మాటకు ఇంత విలువిచ్చేది మా అక్క ఒక్కతే కాబట్టి, మారుమాట్లాడకుండా మొన్న ఆ పిల్ల వెంట సైకిళ్ళ షోరూముకు వెళ్ళాను.

అక్కడ ఒక గోడ నిండా వెనక లైట్లే. బొటనవేలంతవి కొన్ని, అగ్గిపెట్టెంతవి కొన్ని. అమ్మే అతను ఒక్కొక్కటే వెలిగించి చూపిస్తూ, "అంకుల్, ఇది యూఎస్‌బీ చార్జింగ్, ఇది ఫుల్ వాటర్‌ప్రూఫ్, దీంట్లో ఆరు మోడ్స్ ఉన్నాయి" అని చెప్పుకుపోతున్నాడు. నేను తలూపుతున్నాను గానీ, నా చేతిలో ఆ ఎర్రలైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మనసు నేను వయసులో పనిచేసిన చందాపురకు వెళ్ళిపోయింది. వెళ్ళిందన్న మాటే గానీ దుఃఖమేమీ రాలేదు. ఆ రోజులు తలుచుకున్నప్పుడల్లా నాకు చెయ్యి తిమ్మిరెక్కినట్టుంటుంది, అంతే.

మన ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, అప్పట్లో సైకిలు లైటంటే డైనమో. టైరుకు ఆనుకుని చిన్న సీసాలాంటిది చక్రంతోపాటు గిర్రున తిరుగుతూ ముందు లైటునూ, మడ్‌గార్డు మీది ఎర్రలైటునూ వెలిగించేది. తొక్కేవాడి కాళ్ళ సత్తువే దానికి కరెంటు. ఎదురుగాలిలో అదొక పెద్ద బరువు, దిగుడులో వేగం పెరిగితే బల్బు ఠప్పున మాడిపోయేది, రెండు వానలకు తీగ తుప్పు పట్టేది. ముందు లైటుంటే చాలని చాలామంది వెనకదాన్ని వదిలేసేవాళ్ళు, ఎందుకంటే దానివల్ల తొక్కేవాడికి కనబడేదేమీ లేదు, వాడు ఇతరులకు కనబడడానికే అది.

మేము హిందూపురం వైపు నుంచి బతకడానికి వచ్చినవాళ్ళం. మా బావ, అంటే మా అక్క భర్త, చందాపుర దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ నన్నూ అందులో చేర్పించాడు. సాయంత్రం పని దిగాక మా వీధివాళ్ళమంతా ఒకరి వెనక ఒకరం హోసూరు రోడ్డు అంచున సైకిళ్ళు తొక్కుకుంటూ ఇల్లు చేరేవాళ్ళం. పక్కనుంచి లారీలు. చలికాలంలో ఫ్యాక్టరీ గేటు దాటేసరికే చీకటి పడేది. మాలో ఎవరు పెట్టారో తెలియని కట్టుబాటు ఒకటుండేది: ఎవరి ఎర్రలైటు బాగుంటే వాళ్ళు అందరికన్నా వెనక రావాలి. మిగతావాళ్ళకు ఉన్నా లేకున్నా ఆ ఒక్క లైటే అందరి వీపులూ కాచేది. అందుకని మంచి లైటున్నవాడిని అందరూ గౌరవించేవాళ్ళు గానీ, మంచి లైటు కొనడానికి మాత్రం ఎవరూ తొందరపడేవాళ్ళు కాదు.

మా బావ కొన్నాడు. ఒక సెలవురోజు నన్ను వెంటబెట్టుకుని చిక్కపేట పోయి, ఆ ఇరుకు సందుల్లో తోపుడుబండ్లకు తప్పుకుంటూ దుకాణం దుకాణం తిరిగాడు. ప్లాస్టిక్‌దైతే ఎండకు వెలిసిపోతుంది, పలచటి రేకుదైతే సొట్ట పడుతుంది, లోపలి పట్టీ ఇత్తడిది కాకపోతే తుప్పు పడుతుంది అంటూ ప్రతిదానికీ ఒక వంక పెట్టి, నా కాళ్ళు పీకేదాకా తిప్పి, చివరికి గాజు అద్దమున్నది ఒకటి పట్టాడు. దాన్ని జేబులో వేసుకుని, "ఇంక ఎనక సంగతి నేను చూసుకుంటా, మీరు ముందర చూసుకోండప్పా" అన్నాడు. ఆనాటి నుంచి వెనక రావడం ఆయన పనైపోయింది. బయల్దేరే ముందు చొక్కా అంచుతో అద్దం తుడిచేవాడు. దూదిలో చుట్టిన బల్బు ఒకటి ఎప్పుడూ జేబులో ఉండేది. "లారీ వస్తాండాది, ఓరకు రాండి" అని వెనకనుంచి కేక వేస్తే అందరం ఒక్కసారిగా మట్టిలోకి దిగేవాళ్ళం. ఆయన డైనమో గుయ్యిమంటూ వినిపిస్తూ ఉంటే మాకెవరికీ వెనక్కి తిరిగి చూడవలసిన పనే పడేది కాదు.

ఆ సాయంత్రం సన్నగా జల్లు పడుతోంది. యూనియన్ ఎన్నికల గురించి వాదించుకుంటూ వస్తున్నాం. లారీల హోరులో ఆ గుయ్యిమనే చప్పుడు ఎక్కడ ఆగిందో మాలో ఎవరికీ తెలియదు. ఇంటి ముందు దిగేసరికి మా అక్క పిల్లాడిని చంకనేసుకుని వాకిట్లో నిలబడి, మా వెనకకు చూసి, "ఆయన యాడుండాడప్పా?" అంది. అప్పుడు వెనక్కి తిరిగాం.

వచ్చిన దారినే మళ్ళీ వెళ్ళాం. ముందుదో వెనకదో ఏదో ఒక లైటు కనబడుతుందనీ, లైటు కనబడితే మనిషి కనబడతాడనీ చూసుకుంటూ పోయాం. చక్రం ఆగితే డైనమో దీపం కూడా ఆరిపోతుందన్న సంగతి ఆ కంగారులో ఏ ఒక్కరికీ తట్టలేదు. ఆయన పడివున్న చోటు దాటి ఫ్యాక్టరీ దాకా పోయి, తిరిగి వస్తుంటే మాలో ఒకతని ముందు లైటు రోడ్డు పక్క కాలువలోని ఆయన సైకిలు చక్రం మీద పడింది. ఆస్పత్రికి చేర్చేదాకా ప్రాణం ఉంది, తరువాత లేదు. గుద్దింది ఏ బండో తెలియలేదు. ఎర్రలైటు అద్దం మాత్రం చెక్కుచెదరలేదు.

మాదే తప్పని మా అక్క ఎన్నడూ అనలేదు, నిజానికి ఎవరి తప్పూ కాదు. కొన్నాళ్ళు మాలో వెనక రావడానికి ఎవరూ ఒప్పుకోక, ఒకరినొకరు దాటుకుంటూ తొక్కేవాళ్ళం. తరువాత ఫ్యాక్టరీవాళ్ళు బస్సు వేశారు. నేను ఏడవలేదు. ఏడుపు తరువాత వస్తుందిలే అనుకున్నాను. చంకనున్న అక్క కొడుకు పెద్దవాడయ్యాడు, పెళ్ళయింది, వాడికీ ఆడపిల్ల పుట్టింది, నేను రిటైరయ్యాను, ఆ ఏడుపు ఇంకా రాలేదు.

షోరూములో అతన్ని నేను అడిగింది ఒక్కటే, బండి ఆగితే ఇది వెలుగుతుందా అని. వెలుగుతుందన్నాడు. పడిపోతేనో అన్నాను. నన్ను వింతగా చూసి, "చూడండి అంకుల్" అంటూ చేతిలోని లైటును నేలమీద వదిలేశాడు. అది దొర్లుకుంటూ బెంచీ కిందికి పోయి అక్కడ కూడా వెలుగుతూనే ఉంది. అదే ఇమ్మన్నాను. కిందపడింది ఎందుకు తాతా, కొత్తది తీసుకుందామంది ఆ పిల్ల. నాకు అదే కావాలనిపించింది.

ఇంటికి వచ్చి స్క్రూలు గట్టిగా బిగించి చూపిస్తే మా అక్క వంగి చాలాసేపు చూసింది. ఆగినా ఆరిపోదా అని అడిగింది. ఆరదక్కా అన్నాను. వానకు? ఏమీ కాదక్కా. "బాగుండాదిలే" అని నడుం ఎత్తి, రాత్రికి కూరేం చేయమంటావని అడిగినంత మామూలుగా మనవరాలిని అడిగింది.

"నీ ఎనక ఎవరొస్తారు పాపా?"

ఆ పిల్లకు అర్థం కాలేదు. ఎవరొస్తారవ్వా, ఎవరి బండికి వాళ్ళకు లైటుంటుంది కదా అంది. అదీ నిజమే. ఇప్పుడు లైటు లేనివాడు లేడు, ఎవడి వీపు వాడే కాచుకుంటూ పోతున్నాడు, ఒకరి కోసం ఒకరు వెనక రావలసిన అవసరమే లేదు. కాలం బాగుపడిందనే అనుకోవాలి, నేనూ అలాగే అనుకుంటున్నాను. కాకపోతే ఇంత మంచి లైటు చేతికి వచ్చి ఉంటే, మా బావ దాన్ని తన సైకిలుకు బిగించుకుని ఆ పిల్ల వెనక బయల్దేరి ఉండేవాడు.