వాక్యం చదివే గొంతు

ఒక మనిషి చదివే తీరులో రాగం ఉందని ఆ మనిషికి చెప్పాలా, చెప్పకుండా ఊరుకోవాలా? రెండు వైపులా ఆలోచించి చూశాను. ఏ వైపూ తేలలేదు. చెప్పిన మేడం తప్పు చెప్పలేదు. విన్న అమ్మాయి తప్పుగా వినలేదు. అయినా మా మేడ మీది గదిలో ఉండి బి.ఎడ్. చదివిన దివ్య, వెళ్లిపోయే నాటికి వచ్చినప్పటి దివ్య కాదు.

ఆమెది డోర్నకల్. తండ్రి శాంసన్ రైల్వేలో, పట్టాలు చూసే గ్యాంగులో పనిచేస్తాడు. తల్లి చిన్నప్పుడే పోతే నాయనమ్మ కృపమ్మ పెంచింది. హసన్‌పర్తి కాలేజీలో సీటు వచ్చాక మొదట హాస్టల్లో చేరి, కొన్నాళ్లకే బయటికి వచ్చేసింది. ఎందుకని అడిగితే, "సాయంత్రం ఫోన్ మాట్లాడనీకె జాగ లేదు ఆంటీ" అంది. అమ్మమ్మ అనాల్సిన నా వయసుకు ఆంటీ అనే పిలుపు నప్పదు కానీ, ఈ కాలపు పిల్లలకు ఇల్లు అద్దెకిచ్చే ఆడవాళ్లందరూ ఆంటీలే.

శాంసన్ వచ్చి గది చూశాడు. ఫ్యాను వేసి, ఆపి, మళ్లీ వేసి చూశాడు. పోయేముందు నా దగ్గరికి వచ్చి, "జర చూస్కోండమ్మా. ఎక్కువ మాట్లాడది గని మంచి పిల్ల" అన్నాడు. కూతురితో మాత్రం ఇంకో మాట అన్నాడు. "టీచర్ అయితనంటివి, సరె. ఆఖర్ల సార్ల ముందట చెప్పే పరీక్ష పాఠం మంచిగ చెప్పకపోతే ఇగ నా మాట విని రైల్వే పరీక్షకు కూసోవాలె." దివ్య తలూపింది. తెలుగు టీచర్ కావడం తప్ప ఆమెకు ఇంకో కోరిక ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు.

పొద్దున లేచి కుక్కర్లో అన్నం, ఒక కూర. అదే బాక్సులోకి, అదే రాత్రికి. పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లే రోజుల్లో కాలేజీ వాళ్ల చీర కట్టుకోవాలి. నేల మీద దుప్పటి మడతపెట్టి దాని మీద ఇస్త్రీ చేసుకునేది. చార్టులు పాత పేపర్లో చుట్టి, నలగకుండా చంటిపిల్లను ఎత్తుకున్నట్టు భుజానికి ఆనించుకుని బస్సెక్కేది. సాయంత్రం తిరిగి వచ్చాక చీర పిన్నులు తీసి, మెట్ల మీద కాసేపు ఊరికే కూర్చునేది. ఆమె కోసం ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఆదివారం చర్చికి వెళ్లి వచ్చి, గది తలుపు దగ్గరికి వేసుకుని బట్టలు ఉతుక్కునేది. పండుగ రోజున ఏదైనా చేసి పంపితే గిన్నె కడిగి, బోర్లించి, నేను చూడనప్పుడు వంటింటి కిటికీలో పెట్టి పోయేది.

సాయంత్రం ఆమె ఫోన్ చేసేది ఒక్క మనిషికే. చక్కెర జబ్బుతో కృపమ్మకు చూపు పోయింది. అప్పటి నుంచీ లైట్లు వేసే వేళకు దివ్య నాయనమ్మ పక్కన కూర్చుని బైబిల్లోంచి వాక్యం చదివి వినిపించేదట. ఇక్కడికి వచ్చాక అదే పని ఫోన్లో. ఫోన్ పక్క మెట్టు మీద పెట్టి, ఒళ్లో పుస్తకం తెరిచి మొదలుపెట్టేది. కింద వసారాలో నేనేదో చదువుకుంటూ ఉండేదాన్ని. ఆమె గొంతు మొదలయ్యాక నా లైను అక్కడే ఆగిపోయేది.

ఆ చదువుకు ఒక నడక ఉండేది. మొదటి మాటలు కింద, మెల్లగా. నడుమ గొంతు లేచేది. చివరి మాట దగ్గర సాగి, పైన కాసేపు నిలబడి, అప్పుడు దిగేది. పాట కాదు. కాదని గట్టిగా అనడానికీ లేదు. చర్చిలో పెద్దలు అలాగే చదువుతారని, చిన్నప్పటి నుంచి విని విని ఆమెకు అదే చదవడం అయిందని తర్వాత తెలిసింది. చివరి మాట దిగగానే ఫోన్లోంచి ముసలి గొంతు "ఆమెన్" అనేది. ఆ వెంటనే ఇంటి సంగతులు.

"ఏం కూర బిడ్డా?"

"టమాట."

"నిన్న గూడ టమాటేనంటివి."

"నిన్నటిదే నాయినమ్మా."

"నీ కూర గూడ నీ లెక్కనే. ఎటు పోదు, ఉన్నకాన్నే ఉంటది."

రెండో ఏడు దివ్యను హనుమకొండలో ఒక సర్కారు బడికి పంపారు. కొన్ని నెలలు అక్కడే ఉండి ఏడో తరగతికి తెలుగు చెప్పాలి. ఆమెతో పాటు కాలేజీ వాళ్లు ఇంకొందరు వెళ్లారు. ఒకరు పాఠం చెబుతుంటే ఇంకొకరు వెనక కూర్చుని చూడాలి. దివ్య పాఠానికి కావ్య అనే అమ్మాయి కూర్చుంది.

టీచర్ ముందుగా పాఠాన్ని తాను చదివి వినిపించడాన్ని ఆదర్శ పఠనం అంటారు. దాన్ని విని, అలా చదవడం పిల్లలు నేర్చుకోవాలి. ఆ రోజు పాఠం వాన కోసం ఎదురుచూసిన ఒక ఊరి కథ. దివ్య పుస్తకం తెరిచి, తనకు తెలిసిన తీరులోనే చదివింది. పిల్లలు కదలకుండా విన్నారట. ఆఖరి మాట సాగింది, నిలిచింది, దిగింది. తరగతి నిశ్శబ్దంగా ఉంది. వెనక బెంచీలోంచి సాయితేజ అనే పిల్లవాడు "ఆమెన్" అన్నాడు.

తరగతంతా నవ్వింది. బెంచీలు చరిచారు. కావ్య కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మధ్యాహ్నం బాక్సులు విప్పేసరికి అందరికీ తెలిసిపోయింది.

"ఏమే ఆమెన్ టీచర్, పెరుగన్నానికి ప్రార్థన చేసినవా, లేకపోతే మేమే మొదలువెట్టాల్నా?" అంది కావ్య.

ఆ సాయంత్రం దివ్య మొదటిసారి నా వసారాలోకి వచ్చి కూర్చుంది. జరిగింది చెప్పింది.

"నువ్వేమన్నవ్?" అన్నాను.

"నేను గూడ నవ్విన. నవ్వక ఏంజెయ్యాలె ఆంటీ."

"ఆ పిలగాడు కొంటెవాడా?"

"ఏమో. ఆ తర్వాత తలెత్తలె వాడు."

మరుసటి వారం వాళ్ల లెక్చరర్ నిర్మల మేడం పాఠం చూడటానికి వచ్చింది. చూసి, అందరి ముందూ కాకుండా పక్కకు పిలిచి చెప్పింది. "నీ ఉచ్చారణ మంచిగుందమ్మా. ఒక్క ఒత్తు పోలె. గని రాగం తీసెయ్. వచనాన్ని వచనం లెక్కనే చదవాలె. ఫైనల్ లెసన్ల బయటి సార్ వస్తడు. నువ్వు చదువుడు మొదలువెట్టంగనే ఆయన మార్కులు ఆలోచిస్తడు."

దివ్యకు ఆ రోజు వరకూ తన చదువులో రాగం ఉందనే తెలియదు. "నేను మామూలుగనే చదువుతాననుకున్న ఆంటీ" అంది.

అప్పటి నుంచి మేడ మీద వేరే చదువు మొదలైంది. పేపర్లో వార్తలు తీసుకుని పైకి చదివేది. ఫోన్లో రికార్డు చేసుకుని వినేది. నాకు ఒకే వాక్యం రెండుసార్లు వినిపించేది, ఒకసారి ఆమె గొంతులో, ఒకసారి ఫోన్లోంచి. మొదట్లో ప్రతి వాక్యమూ చివరికి వచ్చేసరికి తెలియకుండానే లేచిపోయేది. అక్కడ ఆపి, మళ్లీ మొదటికి వచ్చేది. చివరి మాటను పంటి కింద కొరికినట్టు చదవడం నేర్చుకుంది. కొరికి, కొరికి, ఒక రోజుకు ఆ లేవడం ఆగిపోయింది. బస్టాండులో మైకులోంచి వచ్చే గొంతులా ప్రతి మాటా తేటగా, విడివిడిగా, ఒకే ఎత్తులో పడింది.

మెట్లు దిగి పరుగున వచ్చింది. "విన్నరా ఆంటీ? పోయింది."

ఆమె ముఖంలో అంత సంతోషం నేను అంతకు ముందు చూడలేదు. "విన్న" అన్నాను.

ఆ సాయంత్రమే నాయనమ్మకు ఫోన్ చేసింది. చదవడం అయిపోయింది. ఫోన్లోంచి "ఆమెన్" రాలేదు.

"అయిందా బిడ్డా?" అంది కృపమ్మ.

"అయింది నాయినమ్మా."

"ఎప్పుడైందో తెల్వకపాయె. వార్తలు సదివినట్టున్నది. గొంతు పట్టిందా? గోరెచ్చటి నీళ్లు తాగరాదా?"

"మంచిగనే ఉన్నది నాయినమ్మా."

"మంచిగనే ఉంటే మంచిగ సదువు మరి. మల్లొక్కపారి."

దివ్య మళ్లీ చదివింది. నేను కింద నుంచి వింటూనే ఉన్నాను. ఈసారి గొంతు ఎత్తబోయి, ఎక్కడ ఎత్తాలో తెలియక, మాట మధ్యలో తడబడింది. కృపమ్మ "సరె తియ్ బిడ్డా, అలిసినవ్. పండుకో" అంది.

"ఇంటికొకటి, బడికొకటి పెట్టుకుందామనుకున్న ఆంటీ. చీర మార్చుకున్నట్టు" అని తర్వాత నాతో అంది. అలా మార్చుకోవడం ఆమెకు రాలేదు. కొన్నాళ్లకు కృపమ్మే దారి చూపింది. "నువ్వు ఫికర్ చెయ్యకు. పక్కింటి పిల్ల వచ్చి సదువుతాంది. నువ్వు నీ పాఠం సదువుకో." ఆ తర్వాత ఫోన్లో కూర సంగతి మాత్రమే మిగిలింది. అదీ తొందరగా అయిపోయేది. ఫోన్ పెట్టేశాక దివ్య మెట్ల మీదే కూర్చుని, అద్దె గదులున్న ఎదురింటి కిటికీల్లో ఒక్కొక్క లైటూ వెలగడం చూసేది.

ఫైనల్ లెసన్ అదే బడిలో, అదే ఏడో తరగతికి పెట్టారు. పరీక్షకు వచ్చిన రాజేశ్వర్ రావు అనే సార్ పెద్దాయన. దివ్య చదువుతున్నంతసేపూ కళ్లు మూసుకుని విన్నాడట. అయిపోయాక నిర్మల మేడం వైపు తిరిగి, "స్పష్టంగ చదివింది. గిట్ల చదివే పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నరు" అన్నాడట. దివ్య గట్టెక్కింది. కావ్య వచ్చి వాటేసుకుని, "ఇగ నిన్ను ఆమెన్ టీచర్ అనము పో" అంది.

ఇదంతా చెప్పడానికి ఆమె ఆ సాయంత్రం వచ్చినప్పుడు నేను టీ పెట్టాను. గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా, బడి బయట జరిగింది కూడా చెప్పింది. చార్టులు తీసుకుని వస్తుంటే నల్లా దగ్గర సాయితేజ నిలబడి ఉన్నాడట.

"టీచర్, ఇయ్యాల గట్ల చదివిన్రేంది?"

"ఎట్ల?"

"మొదటిసారి చదివినట్టు చదువుతరనుకున్న. మా చర్చిల పెద్దయ్య చదివినట్టు."

"నువ్వు చర్చికి పోతవా?"

"మా అమ్మమ్మ తోటి పోత టీచర్, ప్రతి ఆదివారం. ఆ దినం మీరు ఆపంగనే నాకు తెల్వకుంటనే నోట్లకెళ్లి వచ్చింది. నేను మిమ్ముల ఎక్కిరియ్యలె టీచర్."

"మరి అప్పుడే చెప్పకపోతివి?"

"చెప్తె నన్ను గూడ అంటరు గదా, ఆమెన్ గాడని."

దివ్య ఇక్కడ ఆగింది. టీ మీద మీగడ కట్టింది. "వాని పేరు సాయితేజ ఆంటీ. నాకెట్ల తెలుస్తది" అంది. ఎవరికి తెలుస్తుంది.

ఆ సాయంత్రం ఫోన్ లేకుండా, పుస్తకం ఒక్కటే పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. మొదటి మాటలు కిందగా మొదలుపెట్టింది. నడుమ ఎత్తింది. చివరి మాట సాగదీసింది. అంతా సరిగ్గానే ఉంది, కానీ ఎవరో ఆమెను అనుకరిస్తున్నట్టు ఉంది. ఆమెకూ అది తెలిసింది. పుస్తకం మూసేసింది.

"కావాలని రాగం తీస్తే నన్ను నేనే ఎక్కిరిచ్చినట్టుంది ఆంటీ" అంది పై నుంచే.

తర్వాత రాత పరీక్షలు జరిగాయి. కావ్య వాళ్లంతా చార్టులు గిరాటేసి, ఫొటోలు దిగి, ఎవరి ఊళ్లకు వాళ్లు పోయారు. దివ్య ఆఖరిగా మిగిలింది. గది కడిగింది. మిగిలిన బియ్యం నాకు తెచ్చి ఇచ్చింది. మర్నాడు ప్రయాణమనగా, సాయంత్రం కాగానే నీళ్లు కారే నా కళ్లను సాకుగా చూపి అడిగాను.

"పొయ్యేముందు నాకొక పేజీ చదివి పెట్టవా దివ్యా? నాకు రాగం గీగం పట్టింపు లేదు. ఎట్లనన్న చదువు."

ఆమె నా వైపు చూసి, చూపు తిప్పుకుంది. "రేప్పొద్దుగాల చదువుత ఆంటీ. టిఫిన్ తిన్నంక."

పొద్దున అటుకులు కడిగి పెట్టాను. వసారాలో ఆమె కూర్చునే కుర్చీలో నేను చదువుతున్న పుస్తకం పెట్టాను. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. వంటింటి కిటికీలోంచి చూస్తే దివ్య మెట్లు దిగుతోంది. భుజానికి బ్యాగు, చేతిలో చెప్పులు. అడుగుల చప్పుడు నాకు వినిపించకూడదని అలా దిగుతోంది.

కుర్చీ దగ్గర ఆగింది. చెప్పులు కింద పెట్టి పుస్తకం తీసింది. నేను గుర్తు పెట్టిన చోట తెరిచి, నిలబడే చదివింది. పెదాలు కదిలాయి. గొంతు రాలేదు. పేజీ చివరి దాకా అలాగే చదివి, పుస్తకాన్ని ఉన్న చోట ఉన్నట్టే పెట్టింది.

పిలిస్తే ఆగేది. ఆగితే పైకి చదవాల్సి వచ్చేది. నేను కిటికీ వెనక నుంచి కదలలేదు. ఆమె గేటు దాటి, అవతల చెప్పులు వేసుకుని, బస్సుల రోడ్డు వైపు నడిచి వెళ్లింది.