మేనమామ ముప్పై మీద వస్తున్నాడు

నేను కారు నడిపి ఎవరినీ గుద్దలేదు. గుంటలో పడెయ్యలేదు, చెట్టు ఎక్కించలేదు. అయినా మా వంశంలో ఇంతవరకూ ఎవరూ చెయ్యని ఘోరం ఒకటి చేశాను. మెల్లగా నడిపాను. ఎంత మెల్లగా అంటే, ఆ దెబ్బకు నాకున్న ఒకే ఒక్క హోదా ఊడిపోయింది. చెప్తాను, నవ్వకుండా వినండి. సరే, నవ్వండి, మా ఇంట్లో వాళ్లే ఆగడం లేదు.

రెండువేల నాలుగో అయిదో సంవత్సరం. నాకు ఇరవై ఒక్కేళ్లు. లైసెన్స్ చేతికొచ్చి మూడు వారాలైంది. ఖానాపురం హవేలిలో ఉండే మా బావ సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు కానీ ఆయనకు నడపడం రాదు. మా అక్క కూతురు స్వాతికి భద్రాచలంలో పుట్టువెంట్రుకలు తీయించాలి. పదకొండో నెల ఆ వారంతో అయిపోతుంది. దాటితే మళ్లీ మూడో ఏడు దాకా ఆగాలి. పంతులుగారు పెట్టిన ముహూర్తం తొమ్మిదిన్నర నుంచి పది. పిల్లని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. ఆ మేనమామనీ నేనే, డ్రైవర్నీ నేనే. నా గర్వం ఆ కారులో పట్టలేదు.

నాకు డ్రైవింగ్ నేర్పిన సత్తార్ భాయ్ చివరిరోజు నా చెవి పట్టుకుని మరీ చెప్పాడు. "దేఖో, కొత్త లైసెన్స్ గాళ్లు హైవే మీద ఆర్నెల్ల దాకా నలభై దాటొద్దు. ఎడమ పక్కనే పోవాలె. ఎవరు హారన్ కొట్టినా దారి ఇయ్యాలె. సమజైందా?" ఇది ఏ చట్టంలో ఉందని నన్ను అడగకండి. నాకు సత్తార్ భాయే చట్టం.

అంతవరకే అయితే బాగానే ఉండేది. బయల్దేరే ముందు మా అమ్మ బండికి పూజ చేసింది. గుండ్రంగా కనిపించిన ప్రతిదానికీ బొట్టు పెట్టింది. లైట్లకు పెట్టింది, టైర్లకు పెట్టింది, స్టీరింగుకు పెట్టింది. చివరికి స్పీడు చూపించే మీటరు అద్దానికి కూడా అరచేతి మందాన పసుపు పూసి, దాని మీద కుంకుమ అద్దింది. ముప్పై దాటిన అంకెలన్నీ దాని కింద మాయమైపోయాయి.

"అమ్మా, ముల్లు కనబడ్తలేదే!"

"మొక్కు తీరేదాకా ఆ బొట్టు ముట్టినవంటే ఊకోను. అమ్మవారే చూస్కుంటది, నువ్వు నడుపు."

ముల్లు బొట్టు కిందికి పోతే నలభై దాటానో లేదో నాకెలా తెలుస్తుంది? అందుకని దాన్ని బొట్టు అంచు కూడా తాకనివ్వలేదు. అయిదున్నరకి బయల్దేరి, ఎడమ అంచు పట్టుకుని, రెండు చేతులతో స్టీరింగును కావలించుకుని నడిపాను. మిర్చి బస్తాల ట్రాక్టరు దాటిపోయింది. స్కూలు మాస్టారి మోపెడ్ దాటిపోయింది. దిగుడులో సైకిలు మీద ఒక పెద్దాయన దాటిపోతూ, కిటికీలోంచి తొంగిచూసి "బండి ఖరాబైందా బిడ్డా?" అని జాలిపడ్డాడు.

జూలూరుపాడు దగ్గర ఒక జీపు మమ్మల్ని దాటింది. ఆ జీపే కొత్తగూడెంలో ప్యాసింజర్లను దింపి, డ్రైవర్ ఇడ్లీ తిని, చాయ్ తాగి, కొత్తవాళ్లను ఎక్కించుకుని, పాల్వంచ దాటాక మళ్లీ మమ్మల్ని దాటింది.

బావ సహనం అక్కడితో అయిపోయింది. "ఏంది బామ్మర్దీ గిది? తొమ్మిదైంది! నడిసొచ్చినా గీపాటికి అడివి సగం దాటేటోళ్లం!"

"రూల్ బావా. కొత్తోళ్లకు నలభై."

"నలభై కాదు, నీ మొకం, ఇరవై ఏడు!"

అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. "తమ్ముడూ, ముహూర్తం పోతే బిడ్డకు మూడేండ్ల దాకా గీ జుట్టేనా? ఇప్పటికే కండ్లల్ల పడ్తాంది." ఆ మాటకు అద్దంలో పిల్ల జుట్టు వైపు ఒకసారి చూశాను. అయినా యాక్సిలరేటరు మీద కాలు కిందికి దిగలేదు.

బావ కిటికీలోంచి సగం బయటికి వచ్చి కేకేశాడు. కొంచెం ముందు ఎవరినో దింపి బయల్దేరుతున్న ఆ జీపు ఆగింది. రెండే సీట్లున్నాయట. అక్క, పిల్ల, బావ ఎక్కారు. టేకు చెట్ల మధ్య జీపు మాయమైంది. నేనూ అమ్మా మిగిలాం.

రెండు నిమిషాల తర్వాత అమ్మ గుండె పట్టుకుంది. "ఒరేయ్! మేనమామవు నువ్వు గదరా! నువ్వు లేకుంట ఆళ్లు పొయ్యి ఏం జేస్తరు? తొక్కు!"

"బొట్టు అడ్డముందే."

అమ్మ కొంగుతో మీటరును బరబరా తుడిచేసింది. అరవై, ఎనభై, నూట ఇరవై, అంకెలన్నీ బయటికొచ్చాయి. వాటిని చూసేసరికి నాకింకా భయమేసింది. కంగారులో రెండుసార్లు బండి ఆపేశాను కూడా. ఆ తర్వాత ఇరవై అయిదు మీదే వెళ్లాం.

భద్రాచలం చేరేసరికి పదిన్నర. కల్యాణకట్ట దగ్గరికి పరుగెత్తాను. అక్క నవ్వుతోంది. స్వాతి నున్నటి గుండుతో, గంధం పూసుకుని, చేతిలో అరటిపండుతో కూర్చుని ఉంది. కూర్చుంది ఎవరి ఒళ్లోనో చూసి నోరు తెరిచాను. జీపు డ్రైవర్ సారయ్య!

"ఏం జేస్తం తమ్ముడూ," అంది అక్క. "పదికి అయిదు నిమిషాలుంది. పంతులుగారు 'మేనమామ ఏడి' అన్నడు. దారిల ఉన్నడంటే 'వచ్చేదాకా ముహూర్తం ఆగది, అన్న వరసయ్యేటోడు ఎవరన్న ఉన్నరా' అన్నడు. నేను దారి పొడుగూత ఈయన్ని అన్నా అనే పిలిచిన గద!"

సారయ్య నన్ను చూసి పలకరింపుగా నవ్వాడు. "నువ్వేనా తమ్మీ ఆ కారు? మూడోసారి గూడ నేనే ముందొచ్చిన."

అవును మరి. రోడ్డు మీద రెండుసార్లు దాటినాయన, వరసలో కూడా దాటేశాడు. ఆ రోజు నుంచి ఆయన మా ఇంటి మనిషి. రాఖీకి వస్తాడు, పండక్కి వస్తాడు. స్వాతికి ఆయన పెద్దమామ, నేను చిన్నమామ. రేపు పిల్ల పెళ్లిలో బుట్ట మొయ్యడానికి కూడా అక్క ముందుగా ఆయనకే చెప్పి ఉంచింది.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ ఎదుట నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఆ పెళ్లికి నేను కారు తియ్యను. ముందురోజే బయల్దేరి నడిచి వెళ్తాను. అప్పుడైనా సారయ్య కంటే ముందు చేరతాను.