ఓడ మీది ఆడోళ్ల కాగితం

కోరుట్లల మా వాడకట్టోళ్లు ఇప్పటికీ ఒకటే చెప్తరు: "కాలేజీ సదివిన పిల్ల దరఖాస్తు రాసి పక్కింటాయనను పోలీసుల చేతులకెల్లి ఇడిపిచ్చింది" అని. వట్టి మాట. రాసింది నేనే, రాయాలని తోచింది ఆయన భార్యకు, నేను చిన్నమ్మా అని పిలిచే ఆమెకు. ఆమెకు అక్షరం ముక్క రాదు. అందుకే ఆ పేరు ఆమెకిచ్చేందుకు ఒక్కరికీ నోరు రాదు.

అప్పుడు నేను జగిత్యాల కాలేజీకి బస్సుల పోయి వస్తుండేదాన్ని. సెలవురోజు చిన్నమ్మ వాకిట్ల నలుగురు ఆడోళ్లు చేటలు ఒళ్లె పెట్టుకొని బీడీలు చేస్తుంటే, వాళ్ల నడుమ కూసొని గట్టిగ పాఠం చదివేదాన్ని. వాళ్లకు పొద్దుపోవాలె, నాకు పరీక్ష పాస్ కావాలె. ఒకనాడు అమెరికా చరిత్ర. చైనా నుంచి ఓడల వచ్చిన కొందరు ఆడోళ్లను, వెంట మొగుడు పిల్లలు లేరు కాబట్టి చెడ్డోళ్లేనని అక్కడి అధికారి దిగనియ్యక ఓడల్నే పట్టి ఉంచిండు. పట్టి ఉంచిన మనిషిని జడ్జి ముందర నిలబెట్టి, ఎందుకు పట్టిన్రో చెప్పమనే కాగితం ఒకటుంటది. ఆ కాగితంతోనే పెద్దకోర్టు దాక పోయి గెలిచిన్రు.

"మొగోడు ఎంట లేకుంటే చెడ్డదేనా? వానిల్లు కూల!" అన్నది చిన్నమ్మ, బీడీకి దారం చుట్టుకుంట. అందరం నవ్వినం. నేను పేజీ తిప్పిన.

నెల తిరగలేదు. చిన్నమ్మ పెనిమిటి సిరిసిల్లల సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేటోడు. ఆయనను, నక్సలైట్లకు అన్నం పెట్టిండని పోలీసులు ఎత్తుకపోయిన్రు. ఠాణాకు పోయి అడిగితే "మా దగ్గర లేడు" అన్నరు. ఆ రోజులల్ల ఆ మాట విన్నంక మనిషి మీద ఆశ వదులుకునేటోళ్లు. మా నాయిన నన్ను గడప దాటొద్దన్నడు. నేను ఏడ్సుకుంట కూసున్న. చిన్నమ్మ ఏడ్వలేదు.

"బిడ్డా, గా ఓడ మీది ఆడోళ్ల కాగితం రాయి."

"చిన్నమ్మా, అది అమెరికా!"

"అయితేంది? మనకు జడ్జిలు లేరా? గంత సదివింది మార్కులకేనా?"

సిగ్గు పడి రాసిన. చిన్నమ్మ దాని మీద వేలిముద్ర వేసి, జగిత్యాలల మా చరిత్ర మేడం ఇంటికి నన్ను గుంజుకపోయింది. తన నౌకరికి ముప్పని తెలిసి కూడ మేడం తప్పులు దిద్ది, హైదరాబాదుల ఎరుకున్న వకీలుకు అందేటట్టు చేసింది.

వకీలు దాన్ని హైకోర్టుల వేసిండు. ఎత్తుకపోయిన ఆరో రోజు పోలీసులు ఆయనను సిరిసిల్ల కోర్టుల నిలబెట్టిన్రు. నడవలేకపోతుండె. గని బతికి ఉన్నడు.

నేను ఎంత నోరుగలదాన్నైనా చిన్నమ్మ, మేడం ఆ ఇద్దరి ముచ్చట వస్తే చేతులెత్తి మొక్కుత. పుస్తకం ఎందుకు చదవాలో ఒకామె చెప్పింది, చెప్పిన పాఠం ఎంట నిలబడేందుకు భయపడొద్దని ఇంకొకామె చూపింది.

ఒక్కటే నాకింకా తెల్వదు. మా వాకిట్లనైతే చదివేదాన్ని నేనుంటి. భాష రాని దేశంల, ఓడల బందీ అయిన ఆ ఆడోళ్లకు గసొంటి కాగితం ఒకటుంటదని మొదలు చెప్పిందెవరు?