కాలిఫోర్నియా వద్దన్న మసి

గంగన్న పోయాడంట.

నిన్న శుక్రవారం. ఇక్కడ కువైట్‌లో, ఫర్వానియాలో మా బిల్డింగ్ కింద పెరుగు కొంటుంటే ఫోన్ వచ్చింది. వాళ్ళ రూమ్‌లో మధ్యాహ్నం తిని పడుకున్నవాడు లేవలేదంట.

సరే అన్నాను.

పైకొచ్చి పెరుగు ఫ్రిజ్‌లో పెట్టాను. ఇంకా ఏడుపు రాలేదు.

తెలియనివాళ్ళకి చెప్తున్నా. గంగన్నది జగిత్యాల వైపు. షువైఖ్‌లో మా గ్యారేజ్‌లో సైలెన్సర్ మెకానిక్. నేను అన్నమయ్య జిల్లా నుంచి ఏమీ తెలియకుండా వస్తే, స్పానర్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది ఆయనే.

మాకు అమెరికా సెకండ్‌హ్యాండ్ లారీలు వస్తాయి. ఇంజన్ మీద స్టిక్కర్ ఉంటుంది. అవి పైకి చదువుకుంటూనే నేను ఇంగ్లిష్ నేర్చుకున్నా.

"అరే తమ్మీ, ప్రతి బండి మీద గీ కాలిఫోర్నియా పేరే సదువుతవేందిరా? ఎవడాడు, సేటా?"

"సేటు కాదన్నా, అమెరికాలో ఒక రాష్ట్రం. పెద్ద బండ్ల పొగకి దేశం రూలొకటి, ఆ రాష్ట్రం రూలింకొకటి ఉండాయి. ఈ ఇంజన్ రెండిట్లో పాసయినాదంట."

"ఒక్క పొగకు రెండు రూల్సా! మరి మనకో?"

నేను స్టిక్కర్ మీద కువైట్ పేరు వెతికాను.

"మనకు సుత్తె ఉన్నది తియ్," అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ రూల్స్ కోసమే సైలెన్సర్ దగ్గర ఒక ఫిల్టర్ పెడతారు. మసిని పట్టి ఆపుతుంది. నిండిపోతే బండి లాగదు. ఇక్కడి ఓనర్లు కొత్తది కొనరు. మాతో ఫిల్టర్ డబ్బా కోయించి, లోపలిది పగలగొట్టించి, ఖాళీ డబ్బాకి మళ్ళీ వెల్డింగ్ కొట్టిస్తారు. పైకి అంతా ఉన్నట్టే ఉంటుంది.

అక్కడివాళ్ళు పీల్చకూడదని ఆపిన మసి అందులోనే ఉంటుంది. ఇక్కడ తెరిస్తే గంగన్న మొహం మీదికి వస్తుంది. మాస్క్ ఇవ్వలేదు. తడి తువ్వాల కట్టుకునేవాడు.

తెరిచే ముందు ప్రతిసారీ నన్ను తరిమేవాడు. "నీకింక లగ్గం గాలె, దూరం జరుగు బే."

నేను జరిగేవాణ్ణి.

రెండేళ్ళు. ప్రతిసారీ జరిగాను.

గుండె ఆగిందని ఆసుపత్రి పేపర్ మీద రాశారు. నేను డాక్టర్‌ని కాదు. ఆయన దగ్గు రోజూ విన్నవాణ్ణి, అంతే.

ఈరోజు డ్యూటీకి వెళ్ళాను. గురువారం ఆయన సగం విప్పిన బండి అట్లానే ఉంది. మిగతాది నన్ను కొయ్యమని ఫోర్‌మన్ గ్రైండర్ నా చేతిలో పెట్టాడు.

"యల్లా, గంగా కా కామ్ తుమ్ ఖలాస్ కరో."

నహీ అన్నాను. కింద పెట్టేశాను.

నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, రెన్యూవల్ వాళ్ళ చేతిలోనే ఉంది, తెలుసు. ఇంటికి పంపిస్తే పంపించుకోనీ. రేపు ఇంకెవడితోనో కోయిస్తారు, అదీ తెలుసు. నా చేత్తో మాత్రం కొయ్యను.

కామెంట్లలో దండం బొమ్మలు పెట్టే అన్నలూ, మీ గ్యారేజ్‌లో ఈ పని చేసేవాడుంటే ముందు వాడికి మాస్క్ అడగండి. తర్వాత పెట్టండి దండాలు.

పోయిరా గంగన్నా.

ఎక్కడున్నా దగ్గు లేకుండా నిద్రపో.